బ్లేడ్ రన్నర్ 2049: కన్నుల పండువ చాలునా?

ప్రసిద్ధికెక్కిన కథకు ఉత్తరభాగం కల్పించడం ఏ కాలంలోనైనా కత్తిమీద సామే. పూర్వకథను ప్రేమించినవారు దానిని అనుమానంతో చూస్తారు. పూర్వకథ తెలియనివారికి అది సగమే బోధపడుతుంది. భవభూతి అంతటి మహాకవి ఉత్తరరామచరితాన్ని ప్రారంభిస్తూ సీతారాములకు వారి గతజీవితపు చిత్రాలను చూపించడం ఊరక చేసిన పని కాదు. జరిగిన కథను కంటిముందు నిలిపినగాని జరగబోయే కథకు బలం రాదని ఆయన ఎరుగును. కెనడా దర్శకుడు డెనీ విల్నెవ్ 2017లో ఇటువంటి సాహసానికే పూనుకున్నారు. 35 సంవత్సరాల క్రిందట రిడ్లీ స్కాట్ నిర్మించిన 'బ్లేడ్ రన్నర్' అనే వైజ్ఞానిక కల్పనా చిత్రానికి కొనసాగింపుగా ఆయన 'బ్లేడ్ రన్నర్ 2049' తీశారు.

మొదటి చిత్రం చరిత్రే ఒక విచిత్రగాథ. ఫిలిప్ కె. డిక్ 1968లో వెలువరించిన నవల దానికి ఆధారం. ఆ రచయిత చిత్రంలోని కొన్ని దృశ్యాలను మాత్రం చూచి ముచ్చటపడి, చిత్రం పూర్తిగా వెలుగు చూడకముందే, 1982 మార్చిలో కన్నుమూశారు. అదే సంవత్సరం జూన్ 25న చిత్రం విడుదలయ్యేనాటికి స్పీల్‌బర్గ్ 'ఇ.టి.' అమెరికా థియేటర్లను ఏలుతున్నది. ఆకాశం నుంచి వచ్చిన ముద్దుల అతిథిని చూచి మురిసిపోతున్న జనానికి, నిరంతరం వాన కురిసే చీకటినగరంలో ఒక పోలీసు ఉద్యోగి విషాదగాథ రుచించలేదు. నిర్మాతలు భయపడి అతికించిన వ్యాఖ్యానమూ, సుఖాంతమూ కూడా దానిని ఆదుకోలేకపోయాయి. ఆ సుఖాంతంలో కనిపించే కొండల దృశ్యాలు కూబ్రిక్ తన 'షైనింగ్' చిత్రం కోసం తీయించి వాడకుండా వదలినవి! అటువంటి చిత్రం క్రమంగా వీడియో కాసెట్ల ద్వారా అభిమానులను సంపాదించుకొని, 1993లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం శాశ్వతంగా భద్రపరచదగిన చిత్రాల జాబితాలో చేరింది. తరువాతి కాలంలో వెండితెరపై కనిపించిన భవిష్యనగరాలలో ఎన్నో ఆ నగరానికి ఋణపడినవే.

ఆ కథ 2019 నవంబరులో లాస్ ఏంజిలెస్ నగరంలో నడుస్తుంది. మనుషులే మనుషులను ప్రయోగశాలలో తయారుచేసి, ఇతరలోకాలలో బానిసపనికి పంపుతుంటారు. వారికి 'రెప్లికెంట్లు' అని పేరు. తప్పించుకొని భూమికి వచ్చినవారిని వేటాడి చంపే ఉద్యోగి పేరు 'బ్లేడ్ రన్నర్'. రిక్ డెకార్డ్ అనే అటువంటి ఉద్యోగి, తాను తయారుచేయబడిన మనిషినని తానే ఎరుగని రేచల్ అనే యువతిని ప్రేమించి ఆమెతో నగరం విడిచి వెళ్లిపోతాడు. డెకార్డ్ మాత్రం నిజంగా తల్లికి పుట్టినవాడేనా? ఆ ప్రశ్నకు చిత్రం సూటిగా సమాధానం చెప్పలేదు. అభిమానులు 35 ఏళ్లు దానిమీదనే వాదులాడుకున్నారు.

ఆ 2019 వచ్చింది, పోయింది. ఎగిరే కార్లు రాలేదు. కాగా విల్నెవ్ చేసిన మొదటి మంచిపని, పాత భవిష్యత్తును నేటి వర్తమానంతో సరిదిద్దే ప్రయత్నం చేయకపోవడం. ఆయన 2049, మన కాలానికి కొనసాగింపు కాదు. స్కాట్ ఊహించిన 2019కి కొనసాగింపు. అందుకే మొదటి చిత్రంలో మేడలపై మెరిసిన పాన్ అమెరికన్ విమానసంస్థ ప్రకటన ఇందులోనూ మెరుస్తుంది, ఆ సంస్థ 1991లోనే మూతపడినా సరే. సోవియట్ రాజ్యం పేరుకూడా ఒక నియాన్ ప్రకటనలో వెలుగుతూనే ఉంటుంది. ఒక కల్పనకు మరొక కల్పన ఇంత విధేయంగా ఉండడం అరుదు. మూలంలోని తప్పును తన భాషలోకి వచ్చేటప్పుడు దిద్దవలెనా, అలాగే ఉంచవలెనా అన్న సంకటం అనువాదకులకు నిత్యానుభవం. విల్నెవ్ అలాగే ఉంచారు, ఉంచడమే సరియైనది.

ఈసారి కథానాయకుడు కె. అనే రెప్లికెంటు. తనవంటివారినే వేటాడి చంపడం అతని ఉద్యోగం. అతనికి పేరు లేదు, తయారీసంఖ్య మాత్రమే. 'కె' దానిలోని మొదటి అక్షరం. ఒక పొలంలో చెట్టు మొదట్లో పాతిపెట్టిన పెట్టెలో అతనికి ఒక స్త్రీ అస్థికలు దొరుకుతాయి. అవి రేచల్‌వి. ఆమె కాన్పులో మరణించిందని ఆ ఎముకలు చెబుతాయి. తయారైనవారు బిడ్డలను కనలేరన్న నమ్మకంమీదనే ఆ లోకపు బానిసవ్యవస్థ అంతా నిలిచి ఉన్నది. మరి ఆ బిడ్డ ఎక్కడ? వెతికి, చంపి, ఆనవాలు లేకుండా చేయమని పై అధికారిణి ఆజ్ఞ. వెతుకుతున్నకొద్దీ, తన చిన్ననాటి జ్ఞాపకంగా తనలో అమర్చబడిన ఒక కొయ్యగుర్రం నిజంగానే ఉన్నదని కె.కు తెలుస్తుంది. తానే ఆ బిడ్డనేమోనన్న ఆశ మొలకెత్తుతుంది.

అతడు ఆ బిడ్డ కాడు. ఈ చిత్రంలోని అత్యుత్తమమైన ఆలోచన ఇదే. అజ్ఞాతంగా పెరిగిన రాజకుమారుడు, భవిష్యవాణి చెప్పిన వీరుడు, లోకాన్ని ఉద్ధరించడానికి పుట్టిన ఏకైకపురుషుడు: హాలీవుడ్ వైజ్ఞానిక చిత్రాలలో సగం ఈ ముడిసరుకుతోనే బ్రతుకుతున్నాయి. ఇక్కడ కథానాయకుడు ఆ కిరీటాన్ని మనసులోనే తలపై పెట్టుకొని చూచుకొని, అది తనది కాదని తెలిసినప్పుడు మౌనంగా తీసి ప్రక్కన పెడతాడు. అధికారులు అతని మనసు చలించిందేమో కనిపెట్టడానికి వల్లెవేయించే మాటలు నబొకోవ్ 1962లో ప్రకటించిన 'పేల్ ఫైర్' నవల నుంచి తీసుకున్నవి. ఒకరి పద్యానికి మరొకరు వ్యాఖ్య వ్రాస్తూ, ఆ పద్యమంతా తన కథేనని భ్రమించడం ఆ నవలలోని ఇతివృత్తం. కె. చేసిందీ అదే: మరొకరి జ్ఞాపకానికి తాను వ్యాఖ్యాతయై దానిని తన జీవితంగా చదువుకున్నాడు. రచయితలు హ్యాంప్టన్ ఫాంచర్, మైకేల్ గ్రీన్ ఆ పుస్తకాన్ని అలంకారం కోసం మాత్రమే చేర్చినట్లు తోచదు. రయన్ గోస్లింగ్ ముఖంలో భావం బహుస్వల్పంగా కదులుతుంది. కదిలినప్పుడు మాత్రం ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. తక్కువ నటించడం ఎంత కష్టమో తెలిసిన నటుడు.

ఇక ఈ చిత్రం కీర్తి అంతా దేనిమీద నిలిచిందో దానిని గురించి. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్‌కు అంతకుముందు 13 పర్యాయాలు ఆస్కార్ బహుమతి చేతికందినట్లే అంది జారిపోయింది. 14వ పర్యాయం, 2018లో, ఈ చిత్రానికి లభించింది. దృశ్యప్రభావాలకు మరొక ఆస్కార్ వచ్చింది. ఈ చిత్రంలో వెలుగు వస్తువులను చూపడానికి మాత్రమే లేదు, తానే ఒక పాత్రగా నడుస్తుంది. రెప్లికెంట్ల తయారీదారు వాలెస్ నివసించే మందిరంలో కిటికీలు లేవు. అక్కడి నీటిమడుగుల మీద పడి చెదిరిన కాంతి అలలలలుగా గోడలపై ప్రాకుతుంది. దీపాలను వలయాలుగా అమర్చి ఒకదాని వెనుక ఒకటిగా వెలిగించి ఆర్పడంవల్ల, సూర్యుడే ఆ మందిరంలో క్షణాలలో ఉదయించి అస్తమిస్తున్నట్లు నీడలు కదులుతాయి. సూర్యుడు కనిపించని లోకంలో ఎండకూడా ధనికుని సొత్తేనని ఒక్క సంభాషణ లేకుండా తెలిసిపోతుంది. విచిత్రమేమంటే ఆ మందిరం యజమాని అంధుడు.

పాడుబడిన లాస్ వేగాస్ నగరం మరొక ఉదాహరణ. 2009 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరాన్ని ఎఱ్ఱని దుమ్ము కప్పివేసినప్పటి ఛాయాచిత్రాలను చూచి ఆ నారింజవర్ణాన్ని రూపొందించారు. ఆ ధూళిలో కూలిపోయిన భారీ స్త్రీవిగ్రహాల మధ్య కె. ఒంటరిగా నడుస్తాడు. దారిలో తేనెటీగల పెట్టెలు కనిపిస్తాయి. ప్రాణమే లేదనుకున్న చోట అతడు చేయి చాపగానే ఈగలు వచ్చి వ్రాలుతాయి. కంప్యూటరు బొమ్మలతో నిండిపోయిన ఈ కాలపు చిత్రాలలో ఇంతటి బరువు కనిపించకపోవడానికి కారణం ఉన్నది. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోని స్టూడియోలలో దీనికి అసలైన భవనాలనే కట్టారు. న్యూజీలాండ్‌లోని వేటా కర్మాగారంలో నగరపు మేడలకు చిన్న కొలతలలో నమూనాలు చేయించి చిత్రీకరించారు. మొదటి చిత్రానికి ఆకృతులు గీసిన సిడ్ మీడ్ చేతనే లాస్ వేగాస్ రూపురేఖలూ గీయించారు. కంప్యూటరు పని లేదని కాదు. చేతిపని మీద అది పొదుగు పనిలా చేరింది.

శాన్ డియేగో చెత్తదిబ్బల ఘట్టం భారతీయ ప్రేక్షకునికి వేరొక విధంగా తాకుతుంది. తుప్పుపట్టిన ఓడల కళేబరాలు, పారవేసిన యంత్రాల తీగెలు పీకి లోహం ఏరే అనాథపిల్లలు, వారిపై కొరడావంటి నోరున్న యజమాని. ఇది పాశ్చాత్యులకు భవిష్యత్తు. గుజరాత్‌లోని అలంగ్ తీరాన్నో, బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ తీరాన్నో, అక్కడ ఓడలు పగులగొట్టే కూలీలనో ఎరిగినవారికి ఇది వార్తాచిత్రం. ఇక్కడే చిత్రం లోపం కూడా ఒకటి బయటపడుతుంది. ఆ వందల పిల్లలలో ఒక్కరికీ ముఖం లేదు, మాట లేదు. కె. వచ్చి తన గుర్రపుబొమ్మను వెతుక్కొని వెళ్లిపోతాడు. కెమెరా కూడా అతని వెంటనే వెళ్లిపోతుంది. నగరపు గోడలన్నిటా తూర్పుదేశాల లిపులే వెలుగుతుంటాయిగాని కథను నడిపే ముఖ్యపాత్రలలో ఆ దేశాల ముఖాలు దాదాపు కానరావు. లిపిని అరువు తెచ్చుకొని మనుషులను వదలివేయడం మొదటి చిత్రంనాటి అలవాటే. అక్కడ వీధి నిండా జనసమ్మర్దం, వంటల పొగ, అరుపులు ఉండడంవల్ల అది అంతగా కంటబడలేదు. ఇక్కడ వీధులు ఖాళీ, లోపం ప్రస్ఫుటం.

కె. ఇంట్లో అతని ప్రేయసి జోయ్. ఆమెకు శరీరం లేదు; వాలెస్ కంపెనీ అమ్మే కాంతిరూపం. ఒంటరివారు కొనుక్కొనే సరుకు. ఆమె అతనికి 'జో' అని పేరు పెడుతుంది, అతని కోసం వానలో తడవాలని ముచ్చటపడుతుంది, చివరకు అతని కోసమే నశిస్తుంది. ఆమెది ప్రేమా, కొనుగోలుదారును సంతోషపెట్టే యంత్రవిద్యా? ఆనా డి ఆర్మాస్ ఆ రెంటి మధ్య గీతను చెరిపివేస్తూ నటించింది. తరువాత ఒక వంతెనపై, మేడంత ఎత్తున గులాబిరంగులో నిలిచిన జోయ్ ప్రకటనబొమ్మ వంగి కె.ను పలకరిస్తుంది, అతనిని 'జో' అనే పిలుస్తుంది. తనకొక్కనికే పెట్టిందనుకున్న పేరు ప్రతి కొనుగోలుదారునికీ వాడేదే! గాయాలతో నిలబడిన ఆ మనిషి ముఖంమీద ఆ గులాబికాంతి పడుతుంటే, అప్పుడు అతడు తీసుకొనే నిర్ణయమే కథలో తక్కిన భాగం. అమ్మకపు సరుకు మాటలను నమ్మి జీవితాన్ని కట్టుకోవచ్చునా అన్న ప్రశ్న, మాటలాడే యంత్రాలు ఇంటింటికీ వచ్చిన ఈ రోజులలో 2017 కంటె దగ్గరగా వినిపిస్తున్నది.

చిత్రం తనను తానే విమర్శించుకొనే ఘట్టం ఒకటున్నది. ముదుసలియైన డెకార్డ్ వాలెస్ చేతికి చిక్కుతాడు. బిడ్డ జాడ చెబితే ఇచ్చే బహుమానంగా వాలెస్ రేచల్‌ను తెప్పిస్తాడు: అదే వయసు, అదే సిగ, అదే నడక. మొదటి చిత్రంలోని నటి షాన్ యంగ్ ముఖాన్ని కొలతలు తీసి, మరొక యువతి శరీరంపై కంప్యూటరులో పునఃసృష్టించిన రూపం అది. నిమిషాలపాటు కనిపించే ఆ రూపానికి నిపుణులు సుమారు ఒక సంవత్సరం శ్రమించారు. శ్రీరాముడు యాగం కోసం బంగారుసీతను ప్రక్కన కూర్చుండబెట్టుకోగలిగాడు, డెకార్డ్ అంగీకరించలేదు. ఆమె కన్నులు ఆకుపచ్చనివి, ఇవి కావు, అని ముఖం త్రిప్పుకుంటాడు. నిజానికి మొదటి చిత్రంలో షాన్ యంగ్ కన్నులు గోధుమరంగువి. అప్పటి పరీక్షాయంత్రపు తెరమీద మాత్రమే ఆకుపచ్చని కన్ను ఒకటి కనిపిస్తుంది. కాబట్టి డెకార్డ్ చూచినది నిజంగా తేడాయేనా, లేక నకలును తిరస్కరించడానికి వెతుక్కున్న సాకా? ఏదైనా, హారిసన్ ఫోర్డ్ ముఖంలో ఆ ఒక్క క్షణం చూడవలసినది. ఆయన దశాబ్దాలుగా చేసిన వీరపాత్రల పెళుసుదనమంతా అక్కడ కరిగిపోతుంది. పాత చిత్రపు అభిమానులకు పాత ముఖాన్నే మళ్లీ చూపి సంతోషపెట్టాలనుకొనే వాలెస్ పని, ఉత్తరభాగాలు తీసే ప్రతి నిర్మాతా చేసే పనే. కోరినదే తెచ్చి ఎదుట నిలిపితే అది కోరినది కాదని తేలడం, కోట్లు ఖర్చుచేసి అదేవిధమైన నకలును తయారుచేసిన చిత్రంలోనే జరగడం గొప్ప వింత.

ఇంత ఆలోచన ఉన్న చిత్రంలో ప్రతినాయకుడు మాత్రం పేలవంగా మిగిలాడు. జారెడ్ లెటో ధరించిన వాలెస్ ప్రవక్తవలె దీర్ఘోపన్యాసాలు చేస్తాడు. ఆ మాటలు ఎంత గంభీరమో అర్థం అంత శూన్యం. అప్పుడే రూపొందిన స్త్రీని నగ్నంగా నిలబెట్టి, బిడ్డలు కనలేనిదని కడుపు కోసి చంపే దృశ్యం వాలెస్ క్రౌర్యాన్ని చూపడానికే అనవచ్చు. ప్రేక్షకుని చూపును ఎక్కడ నిలుపుతున్నదో గమనిస్తే ఆ సమర్థన పూర్తిగా నిలవదు. అతని అనుచరి లవ్ పాత్రలో సిల్వియా హుక్స్ అతనికంటె వందరెట్లు మేలు. కన్నీరు కార్చుతూనే హత్యలు చేసే ఆమెకు తన స్థితి ఎంత తెలుసునన్న ప్రశ్న చిత్రమంతా వెంటాడుతుంది. దానికి సమయం కేటాయించలేదు. పైపెచ్చు చివరిభాగంలో హఠాత్తుగా రెప్లికెంట్ల విప్లవసంఘం ఒకటి నేలమాళిగలోంచి ప్రత్యక్షమై, నాలుగు మాటలు చెప్పి అదృశ్యమైపోతుంది. మూడవ భాగానికి విత్తనం చల్లినట్లున్నదే తప్ప, ఈ కథకు దానివల్ల ఒరిగినది లేదు.

అన్నిటికంటె పెద్దలోటు ఆనా స్టెలీన్ విషయంలో. రెప్లికెంట్లకు అమర్చే జ్ఞాపకాలను కల్పించి ఇచ్చే శిల్పి ఆమె. రోగనిరోధకశక్తి లేదని అద్దాలగదిలో జీవిస్తూ, ఎన్నడూ చూడని అడవులను, పుట్టినరోజు పండుగలను సృష్టిస్తుంది. అందరూ వెతికే బిడ్డ ఆమెయే. కె. గుర్రపుబొమ్మ జ్ఞాపకాన్ని ఆమె పరీక్షించి, అది నిజంగా ఒకరు అనుభవించినదేనని కన్నీరు పెట్టుకొనే దృశ్యాన్ని రెండవసారి చూచినప్పుడుగాని ఆ కన్నీటికి అర్థం తెలియదు. కార్లా యూరి ఆ ఒక్క దృశ్యంలోనే మనసులో నిలిచిపోతుంది. అయితే లోకాన్ని తలక్రిందులు చేయగల ఆ స్త్రీకి తన కథ తెలుసునా, తెలిస్తే ఏమి చేయదలచింది అన్నది చిత్రం ఆమెను అడగనే లేదు. అందరూ ఆమె కోసం చంపుతారు, చస్తారు. ఆమె మాత్రం అద్దం వెనుకనే ఉంటుంది. 2 గంటల 43 నిమిషాల నిడివి గల చిత్రంలో కె. నడకలకు దొరికిన తీరికలో పదోవంతు ఆమెకు దొరికి ఉంటే ఉత్తరకథ మరొక మెట్టు ఎక్కేది.

నిడివిని గురించిన ఫిర్యాదు మాత్రం అంత సబబు కాదు. విల్నెవ్ లయ నెమ్మదిగా నడిచేదే. 2016 నాటి 'అరైవల్'లోనూ, తరువాత రెండు భాగాలుగా తీసిన 'డ్యూన్'లోనూ ఆయన పద్ధతి అదే. ఇక్కడి నిదానం కె. బ్రతుకుకు తగినది, అతనికి తొందరపడి చేరవలసిన చోటు లేదు. ఇబ్బందిపెట్టేది సంగీతం. వాంజెలిస్ మొదటి చిత్రానికి కూర్చిన స్వరాలు నగరంపై మంచువలె వ్రాలి విషాదాన్ని పంచాయి. ఇక్కడ మొదట నియమించిన యోహాన్ యోహాన్సన్‌ను తప్పించి హాన్స్ జిమ్మర్, బెంజమిన్ వాల్‌ఫిష్‌లకు అప్పగించారు. వారి వాద్యఘోష కుర్చీలను కదిలిస్తుందిగాని పాటగా వెంటరాదు. చిట్టచివర, మంచు కురుస్తుండగా మెట్లపై వాలిపోయిన కె.పై వాంజెలిస్ పాత స్వరం ఒకటి వినిపించినప్పుడే గుండె తడి అవుతుంది. 1982లో వానలో ఒక రెప్లికెంటు మరణించినప్పుడు మ్రోగినది ఆ స్వరమే. అంటే ఆ తడిలో సగం అరువు సొమ్ము.

వ్యాపారపరంగా తండ్రి జాతకమే బిడ్డకూ వచ్చింది. 15 కోట్ల డాలర్లకు తక్కువ కాకుండా ఖర్చయిందని అంచనా. ప్రపంచమంతటా వసూలైనది సుమారు 26 కోట్లు. థియేటర్ల వాటా, ప్రచారవ్యయం పోగా నిర్మాతలకు నష్టమే మిగిలింది. మునుపటి చిత్రాన్ని చూడనివారు తమకు కాదనుకొని రాలేదు. కథలోని మలుపులను బయటపెట్టరాదన్న పట్టుదలతో ప్రచారంలోనూ కథ ఏమిటో చెప్పలేదు. ఏమీ తెలియని కుతూహలంతో జనం వస్తారని అనుకున్నారు కాబోలు.

ఇప్పుడు చూడదలచినవారు మొదటి చిత్రాన్ని ముందుగా చూడడం తప్పనిసరి. దానికి ప్రధానంగా మూడు పాఠాలున్నాయి: 1982 నాటిది, 1992 నాటిది, 2007 నాటిది. స్కాట్ పూర్తిగా తన ఇష్టప్రకారం సరిచేసుకున్నది చివరిదే. అతికించిన వ్యాఖ్యానంగాని, కొండలమధ్య సుఖాంతంగాని అందులో లేవు. రెండు చిత్రాల మధ్యకాలాన్ని వివరించడానికి 2017లో విడుదలచేసిన మూడు లఘుచిత్రాలను చూడకపోయినా పెద్దగా నష్టం లేదు. పిల్లలకు తగిన చిత్రం కాదు. సాధ్యమైనంత పెద్దతెరపై, చీకటిగదిలో చూడడం మేలు. వాలెస్ మందిరంలోని నీటినీడలు ఫోనుతెరమీద వట్టి మచ్చలుగా కనిపిస్తాయి.